కంటి తూకం

మాది చిత్తూరులో బెల్లం మండీ. నాయన కాలం నుంచీ అదే వ్యాపారం. రైతులు చెరకు ఆడించి, వండి, దిమ్మెలుగా పోసిన బెల్లాన్ని మా దగ్గరికి తెస్తారు. మేము తూచి, వేలం పాడించి, మా కమిషన్ మేము తీసుకుంటాము. ఈ పనిలో పేరు రావాలంటే రెండు విద్యలు చాలు. ఒకటి, దిమ్మె అంచు గిల్లి నోట్లో వేసుకుని అది ఏ వైపు నీళ్లకు పండిన చెరకో చెప్పడం. రెండు, కాటా మీద పెట్టకముందే చూపుతో బరువు చెప్పడం. మొదటిది నాయనతోనే పోయింది. రెండోది నాకు అబ్బింది. దాన్ని మేము కంటి తూకం అంటాము. అయితే కంటికి కనిపించినంతా బయటికి చెప్పము. కొంత తరుగు తీసి చెబుతాము. తడి ఆరుతుందనీ, అంచులు రాలతాయనీ దానికి కారణాలు ఉన్నాయి. ఆ కారణాలు లేని రోజుల్లో కూడా తరుగు తీస్తాము.

ఈ విద్యను నేను మనుషుల మీద కూడా చూపేవాణ్ణి. పెళ్లి పందిట్లో ఎవరైనా నడిచి వస్తూంటే పక్కనున్నవాడి చెవిలో ఒక అంకె చెప్పేవాణ్ణి. వాడు నవ్వేవాడు. నేను సన్నటి మనిషిని. సన్నగా ఉండటానికి నేను పడ్డ కష్టం ఏమీ లేదు. మూడు పూటలా తింటాను, మండీలో దిండుకు ఆనుకుని కూర్చుంటాను, ఒంటికి పట్టదు. దాన్ని నా క్రమశిక్షణ అనుకుంటూ వచ్చాను.

నా భార్య లావు మనిషి. పెళ్లినాటికి కాదు. రెండో కాన్పు తర్వాత థైరాయిడ్ అన్నారు, మోకాళ్లు పట్టేశాయి, ఒళ్లు వచ్చింది. ఆమె నాకంటే తక్కువ తింటుంది. ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. ఎదురుగా కూర్చుని తింటాము కదా. అయినా ఎవరైనా అడిగితే "మాది బెల్లం ఇల్లు గదప్పా" అనేవాణ్ణి.

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆమె మధ్యాహ్నం మండీకి క్యారియర్ తెచ్చేది. ఒకరోజు "రామ్మే, నిలబడు" అని కాటా మీదికి పిలిచాను. మూటలు తూచే పెద్ద కాటా. సరుకు దించడానికి వచ్చిన హమాలీలు చుట్టూ ఉన్నారు. ఆమె ఎందుకో ఏమిటో అడగకుండా ఎక్కింది. నేను ముందే అంకె చెప్పి ఉన్నాను. కాటా కూడా అదే చెప్పింది. నేను పందెం గెలిచినవాడిలాగా హమాలీల వైపు చేతులు చాచాను. వాళ్లు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కాటా దిగి, గిన్నెలు విప్పి, వడ్డించి, ఇంటికి పోయింది. ఆ తర్వాత మళ్లీ మండీకి రాలేదు. క్యారియర్ మాత్రం ఎవరో ఒకరి చేతిలో వస్తూనే ఉండేది. అందుకని ఆమె ఎందుకు రావడం లేదని నేను అడగలేదు.

బంధువుల మధ్య నాకొక జోకు ఉండేది. దాన్ని నామకరణాలకూ గృహప్రవేశాలకూ తీసుకుపోయేవాణ్ణి. భోజనాల దగ్గర ఆమె వరసలో కూర్చోగానే అనేవాణ్ణి: "ఈమె పోతే మొయ్యడానికి నలుగురు సాలరప్పా. మండీ నుంచి హమాలీలను పిలిపించాల." దానికి అందరూ నవ్వేవారు. కొత్తగా వచ్చిన అల్లుళ్లకు పాతవాళ్లు నా చేత మళ్లీ చెప్పించేవారు. ఆమె ఆకు మీద నీళ్లు చల్లుకుంటూ నవ్వేది. ఆ నవ్వును నేను రసీదు కింద జమ వేసుకున్నాను.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు దాన్ని ఇంటికి తెచ్చింది నేనే. మండీలో మాస్కులు అందరికీ ఉండేవి, గడ్డం కింద. బెల్లం గిల్లి రుచి చూడాలి, వేలం గొంతెత్తి పాడాలి. మూతి కట్టుకుని ఎవరూ వేలం పాడలేరు. నాకు రెండు రోజులు జలుబు చేసింది, కాఫీ వాసన తెలియలేదు. ఆమె మిరియాల కషాయం కాచి ఇచ్చింది. నేను లేచాను, ఆమె పడుకుంది.

జ్వరం తగ్గినా ఆమెకు ఆయాసం తగ్గలేదు. వంటింట్లోంచి హాల్లోకి వచ్చి కుర్చీ పట్టుకుని నిలబడేది.

"ఊపిరి అందడంలే" అంది.

"నీకెప్పుడు అందింది?" అన్నాను.

ఇది ఆ సమయంలో నాకు మామూలు మాటగానే తోచింది. మెట్లెక్కితే ఆయాసం, గుడిలో ప్రదక్షిణలకు ఆయాసం. ఆమె ఆయాసం మా ఇంట్లో ఫ్యాను చప్పుడు లాంటిది. ఎప్పుడూ ఉండేదాన్ని ఎవరూ వినరు.

వడమాలపేటలో ఎరువుల కొట్టు నడిపే నా బావమరిది, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే చిన్న మిషను ఒకటి పంపాడు. ఆమె చూపుడు వేలికి పెట్టాను. ఎనభై ఆరు చూపించింది. నా వేలికి పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది. రెండు మూడు సార్లు మార్చి మార్చి చూసి, నేను ఒక నిర్ణయానికి వచ్చాను.

"నీ వేలు లావుగా ఉండాది. మిషను పట్టుకోలేకుండాది" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని వేళ్లు చూసుకుంది. "సిటికెన వేలికి పెట్టు" అంది.

చిటికెన వేలికి ఎనభై నాలుగు వచ్చింది. సన్నటి వేలికి ఇంకా తగ్గడంతో మిషనే పాడైందని తేల్చాను. ఇక్కడ నా తర్కంలో లోపం ఏమిటో పదో తరగతి తప్పినవాడు కూడా చెబుతాడు. నేను డిగ్రీ చదివాను. మిషను డబ్బాలో పెట్టి, పాడైందని బావమరిదికి ఫోను చేశాను.

"బావా, నీ వేలికి సరిగ్గా సూపిస్తా ఉండాదా?" అన్నాడు.

"నాకు బాగనే సూపిస్తా ఉండాది."

"అంటే మిషను బాగుండాదని బావా, అక్క బాగలేదని!" అని అరిచి ఫోను పెట్టేశాడు. గంటన్నరలో కారు తీసుకుని వచ్చాడు.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో మంచం దొరికింది. దారి పొడవునా ఆమె ముందు సీట్లో ముందుకు వంగి కూర్చుంది. వెనక్కి ఆనుకోమంటే వద్దంది. ఆనుకుంటే ఊపిరి ఆడటం లేదంది. ఆమెకు తెలిసిన ఆ సంగతే మరుసటి రోజు డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి చెప్పింది.

అంతకంటే ముందు బరువు అడిగారు. ఐసీయూ తలుపు దగ్గర, చక్రాల మంచం మీద ఆమె, పక్కన నేను. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ బరువును బట్టి ఇవ్వాలి, ఎంత ఉంటారు అని డాక్టరమ్మ అడిగింది. ఆమెను మంచం మీది నుంచి దించి తూచే పరిస్థితి లేదు. నేను ఒకసారి చూశాను. అంకె తెలిసిపోయింది. చెప్పబోయే ముందు, ఆమె వింటోందని గుర్తొచ్చి తరుగు తీశాను. అలవాటుగా తీసేదానికంటే కొంచెం ఎక్కువే తీశాను. ఇన్నేళ్లలో ఆమెకు నేను చూపించిన మర్యాద అదొక్కటే. దాన్ని చూపించడానికి ఆ చోటే దొరికింది.

డాక్టరమ్మ ఆమెను చూసి, నన్ను చూసింది. "సరిగ్గా చెప్పండి. ఇక్కడ బేరం లేదు" అంది.

నేను నోరు తెరిచేలోగా నా భార్య చెయ్యెత్తింది. నర్సును దగ్గరికి రమ్మని, నన్ను దూరంగా పొమ్మని ఒకే చేత్తో సైగ చేసింది. నేను నాలుగడుగులు వెనక్కి వేశాను. నర్సు వంగి చెవి పెట్టింది, తలూపింది, రాసుకుంది. తర్వాత తలుపు మూశారు.

మరుసటి రోజు డాక్టరమ్మ బయటికి వచ్చి కాగితం మీద ఒక ఛాతీ, దాని కింద ఒక పొట్ట గీసింది. ఈ జబ్బుకు ఊపిరితిత్తులు వాచి, నీరు పట్టి ఉన్నాయి. లావు మనుషులకు దాని మీద ఇంకో ఇబ్బంది. వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు పైకి తోస్తుంది, రొమ్ము బరువు కిందికి అదుముతుంది, వీపు వైపు ఊపిరితిత్తి విచ్చుకోదు. గాలి పంపినా అక్కడికి పోదు.

నాకు మండీ గోడౌను కళ్లకు కట్టింది. వేసవిలో వరస మీద వరస పేరిస్తే అడుగు వరస దిమ్మెలు అణిగి, మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పై వరసలు చూసి సరుకు బాగుందంటాము.

"అయితే తప్పు ఆమె ఒంటిదే గదా మేడమ్?" అని అడిగాను.

"జబ్బు వైరస్‌ది" అంది. "ఒళ్లు ఉన్నవాళ్లకు పోరాటం కష్టం. అది తప్పు కాదు. ఆలస్యంగా తీసుకురావడం ఉంది చూశారా, దాన్ని గురించి కావాలంటే మాట్లాడుకుందాం."

నేను మాట్లాడుకుందామనలేదు.

ముఖానికి బిగించిన మాస్కుతో మిషను గాలి తోస్తోందనీ, అది చాలకపోతే గొంతులోకి గొట్టం వేయాల్సి వస్తుందనీ చెప్పింది. "గొట్టం దాకా పోతే ఇలాంటి ఒంటివాళ్లను తిరిగి తెచ్చుకోవడం మాకు చాలా కష్టమవుతోంది. అందాకా పోకుండా చూడాలి."

ఆసుపత్రి ఆవరణలోంచి కొండ కనిపిస్తుంది. తిరుపతిలో ఎక్కడ నిలబడినా కనిపిస్తుంది, అక్కడివాళ్లు దాన్ని పట్టించుకోరు. నేను చిత్తూరు నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి చేతులు జోడించాను. స్వామీ, ఈమెను లేపు, తులాభారం ఇస్తాను, ఈమె ఎంత బరువుందో అంత బెల్లం తూచి ఇస్తాను అని మొక్కుకున్నాను. కళ్లు తుడుచుకుని వచ్చి వేపచెట్టు కింద కూర్చున్న బావమరిదికి చెప్పాను.

అతను లేచి నిలబడ్డాడు. "బావా, అక్కను తీసుకుపోయి కొండ మీద జనం మధ్య తక్కెట్లో కూర్చోబెడతానని మొక్కినావా?"

"బెల్లం గదా, మన సరుకే గదా అని…"

"రైల్వే స్టేషన్లో లైట్లు వెలిగే బరువు మిషను ఉంటే, అక్క దాని పక్కన గూడా పోదు. సుట్టు తిరిగి పోతాది. నీకు తెల్దా?"

"తెల్దు."

"గుండు గీయించుకుంటానని మొక్కరాదా? నీకుండే నాలుగెంట్రుకలు స్వామి వద్దంటాడా?"

అది నాకు తట్టనే లేదు. స్వామికి నా దగ్గర ఉన్నదాంట్లో ఏది ఇవ్వాలని వెతికితే, టోకున దొరికేదీ, ఆమె సిగ్గుపడేదీ రెండూ కలిపి ఇచ్చాను.

ఆ రోజు మధ్యాహ్నమే లోపలి నుంచి పిలుపు వచ్చింది. అప్పట్లో మనుషులు చాలక, జబ్బు వచ్చి తగ్గిన బంధువులను ఒక్కొక్కరిని లోపలికి రానిచ్చేవారు. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఆవిడను బోర్లా పడుకోబెట్టాలి. అలా తిప్పితే వెనక భాగం తెరుచుకుంటుంది. గొట్టం వేయకుండా దాటించాలంటే మాకు ఉన్న దారి ఇదే. ఆవిడ ఒప్పుకోవడం లేదు. మీరు చెప్పి చూడండి."

"ఎందుకు ఒప్పుకోవడంలేదు?"

"తెలియదు. తిప్పడానికి ఎంతమంది కావాలో మా సిస్టర్లు మాట్లాడుకుంటుంటే వింది. అప్పటి నుంచీ తల అడ్డంగా ఊపుతోంది. ఎందుకో మీకేమన్నా తెలుసా?"

తెలియదని చెప్పాను.

పైనుంచి కింది దాకా తెల్లటి సంచీ లాంటి బట్ట తొడిగి, కళ్లకు అద్దాలు పెట్టి లోపలికి పంపారు. అద్దాల మీద నా ఊపిరే ఆవిరి పట్టింది. మంచం తల వైపు ఎత్తి ఉంది. ఆమె ముఖానికి పట్టీలతో బిగించిన మాస్కు. మిషను తోసినప్పుడల్లా బుగ్గలు కదులుతున్నాయి. ఇద్దరు నర్సులు, ముగ్గురు వార్డు మనుషులు చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకావిడ దిండ్లు చంకలో పెట్టుకుని ఉంది.

"మే, నేనే" అన్నాను.

కళ్లు తెరిచింది. కింది నుంచి పైకి చూసింది. "ఏందయ్యా ఆ యేసం" అంది. మాస్కులోంచి ఒక్కో మాటా మిషను ఆగినప్పుడు వచ్చింది.

"బోర్లా పండుకోమంటా ఉండారు. పండుకో మే. ఊపిరి బాగ ఆడతాదంట."

తల అడ్డంగా ఊపింది.

"నేనేమన్నా అనుంటే మనసులో పెట్టుకోవద్దు."

"ఏ మాట?"

ఆమె దెప్పడానికి అడగలేదు. ఏ మాటో నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "అన్నీ" అన్నాను.

"అన్నీ అంటే… శానా ఉండాయి" అంది. పైన తెర మీద అంకె ఒకటి తగ్గింది. చిన్న నర్సు దాన్ని చూసి పెద్ద నర్సును చూసింది.

"ఎంతమందొచ్చినారు?" అని నా భార్య అడిగింది.

"నలుగురు" అన్నాను. కళ్ల ముందు అయిదుగురు ఉన్నారు. అక్కడ కూడా తరుగు తీశాను.

"సాలరు గదా" అంది. "నువ్వే సెప్తివి."

చుట్టూ ఉన్నవాళ్లకు ఇది అర్థం కాలేదు. ఆ గదిలో ఆ జోకు తెలిసినవాళ్లం మేమిద్దరమే. ఏళ్ల తరబడి ఎక్కడ చెప్పినా నవ్వు తెప్పించిన జోకు. దాన్ని ఆమె ఒక్క అక్షరం తప్పకుండా దాచుకుంది. ఇప్పుడు దాని కోసం ఊపిరి వదులుకోవడానికి సిద్ధపడి పడుకుని ఉంది. నలుగురూ రొప్పుతూ తనను ఎత్తే దృశ్యం కంటే, ఎత్తకుండా పోవడమే నయమని లెక్క వేసుకుంది. ఆ లెక్క నేర్పింది నేను.

పెద్ద నర్సు "అమ్మా, టైము లేదు" అంది.

"నేను తప్పు తూకమేసినాను మే" అన్నాను. "నలుగురు గాదు, అయిదుగురుండారు. నాతో ఆరుగురు. అబద్ధం సెప్పినాను. పండుకో. నువ్వు పోతే నేనేం సెయ్యాల్నో నాకు తెల్దు. అన్నం యాడుండాదో గూడా తెల్దు నాకు."

ఇది ఇంకో మనిషయితే బాగా చెప్పి ఉండేవాడు. నాకు ఆ సమయంలో అన్నం గిన్నె తప్ప ఏమీ తట్టలేదు. నర్సులు పక్కకు చూశారు.

ఆమె కళ్లు మూసుకుంది. ఒప్పుకోలేదనే అనుకున్నాను. తర్వాత చెయ్యి కొంచెం కదిలించి మంచం కింది వైపు చూపించింది. "కాళ్లకాడుండు. మొగంకాడ ఉండొద్దు."

కాళ్ల దగ్గరికి పోయాను.

ఎత్తడం అనేదే లేదు. అది నేను అక్కడ తెలుసుకున్నాను. ఒంటి కింద పరిచిన దుప్పటి రెండు వైపులా పట్టుకుని, పెద్ద నర్సు ఒకటి, రెండు, మూడు అనగానే మంచం అంచుకు జరిపారు. మళ్లీ ఒకటి, రెండు, మూడు అనగానే పక్కకు ఒరిగించారు, గొట్టాలు ఒకావిడ చేత్తో పట్టుకుంది. ఇంకోసారి లెక్కపెట్టేసరికి ఆమె బోర్లా ఉంది. రొమ్ము కింద రెండు దిండ్లు, నడుము కింద రెండు, మధ్యలో పొట్ట దేనికీ ఆనకుండా ఖాళీ. ఎవరికీ రొప్పు రాలేదు, ఎవరూ నవ్వలేదు. మండీలో ఒక మూట దించినంత సేపు కూడా పట్టలేదు. నేను పట్టుకున్నది రెండు పాదాలు. మడమలు పగిలి ఉన్నాయి. వాటిని నేను అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు.

తెర మీద అంకె వెంటనే పెరుగుతుందనుకున్నాను. పెరగలేదు. తగ్గడం ఆగింది. పెద్ద నర్సు "మంచిదే" అని, నన్ను బయటికి పొమ్మంది. సాయంత్రానికి కొంచెం పెరిగింది. తర్వాత రోజూ తిప్పారు. ప్రతిసారీ నన్ను పిలిచేవారు, నేను పోయి కాళ్ల దగ్గర నిలబడేవాణ్ణి. గొట్టం దాకా పోలేదు. పక్క మంచం మీద ఒకాయన, ఆమె కంటే సన్నటి మనిషి, పోయాడు. ఎదుటి మంచం మీది ఒకాయన, ఆమెకంటే లావు మనిషి, ఇంటికి నడిచి వెళ్లాడు. నా కంటి తూకం అక్కడ ఎవరి విషయంలోనూ పని చేయలేదు.

ఆమె ఇంటికి వచ్చాక చాలా రోజులు మంచం పక్కన ఆక్సిజన్ మిషను బుడబుడమంటూ ఉండేది. జాకెట్లు వదులయ్యాయి. చూడటానికి వచ్చినవాళ్లు తలుపు దగ్గరే నిలబడి మెచ్చుకునేవారు. "సన్నబడినావే అక్కా, మొగంలో కళొచ్చింది. ఏం తింటా ఉండావు?" అని పక్కింటావిడ అడిగింది.

"ఏమీ లేదు. ఊపిరాడకుండా పండుకున్నాను. నువ్వు గూడా సూడు" అంది నా భార్య.

వంట నేను నేర్చుకున్నాను. నేర్చుకున్నానని నేనే అంటున్నాను. ఆమె ఏమీ అనలేదు, తిన్నది.

మొక్కు సంగతి నేను చెప్పలేదు. బావమరిది చెప్పాడు. అక్కకు తెలియకుండా ఉండటం పాపమని అతనికి అనిపించిందట. నేను మండీ నుంచి వచ్చేసరికి ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"ఎవుర్నడిగి మొక్కినావు?"

"స్వామిని."

"తూసేది స్వామినా?"

చేతిలో సంచీ కింద పెట్టాను.

"సచ్చిపోతా ఉంటే గూడా నన్ను కాటా ఎక్కించాలనే తోసిందా నీకు?"

ఆమె నా మీద గొంతెత్తడం అదే మొదటిసారి. ఎత్తిన గొంతు మధ్యలోనే ఆగింది, దగ్గు వచ్చింది. నేను నీళ్లు తెచ్చాను. తీసుకోలేదు. దగ్గు దానంతట అది తగ్గేదాకా ఇద్దరం ఎదురుచూశాము.

"మొక్కు మార్చుకోవచ్చంట. గుండు గీయించుకుంటాను" అన్నాను.

"స్వామితో గూడా బేరమా? ఇస్తానన్నది ఇయ్యి. అయితే తక్కెట్లో కూర్చునేది నువ్వు."

"నా బరువు సాలదు గదా…" అన్నాను. అన్నాక నోరు మూసుకున్నాను.

"తక్కువ పడేది నేను సెప్తాను. ఎవురికి సెప్పాల్నో వాళ్లకి."

ఆమె ఊపిరి కొంచెం కుదురుకున్నాక కొండకు పోయాము. బావమరిది కూడా వచ్చాడు, చూడటానికి. ఘాట్ రోడ్డు మీద బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బెల్లం మా మండీ నుంచి తేవాల్సిన పని లేదు, అక్కడే ఇస్తారు. కౌంటరు కనబడగానే ఆమె నన్ను ఆగమంది.

"ఏ నాటి బరువు సెప్తావు?" అని అడిగాను. "ఇప్పుడు తగ్గినావు గదా."

"మొక్కిన నాటిది" అని ముందుకు పోయింది. వంగి, కౌంటరు వెనక మనిషికి ఏదో చెప్పింది. నేను వినిపించే దూరంలోనే ఉన్నాను. బావమరిదితో గట్టిగా బస్సు టైము గురించి మాట్లాడాను.

తక్కెడలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. దర్శనానికి పోయే జనం పక్కనుంచి కదులుతున్నారు. ఒక ముసలాయన నన్ను చూసి, సన్నగా ఉన్నాడు, ఖర్చు తక్కువ అన్నాడు. అవతలి తట్టలో బెల్లం పెట్టారు. నా తట్ట కొంచెం లేచి, సమంగా నిలబడింది. మిగిలిన బెల్లం పక్కన ఇంకా ఉంది. దాని వైపు చూస్తే నాకు అంకె తెలిసిపోతుంది. నేను ముసలాయన వైపే చూస్తూ కూర్చున్నాను.

"అయిపోయింది సామీ, దిగండి" అన్నాడు అక్కడి మనిషి.

కౌంటరు దగ్గర నుంచి నడిచి వచ్చిన నా భార్య తక్కెడ పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది. భుజాలు లేస్తూ పడుతున్నాయి. చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"ఉండనీప్పా" అంది. "నాకు ఊపిరందనీ."

అతను ఆమెను చూసి, నన్ను చూసి, సరేనన్నాడు. క్యూలో ఉన్నవాళ్లందరూ తల తిప్పి చూస్తూ పోతున్నారు. ఆమె ఏమీ తొందరపడలేదు. నేను తక్కెట్లోనే కూర్చున్నాను.